పంటు దూరమా, వంతెన దూరమా: నా బదిలీ భత్యం బిల్లు కథ

2022 జూన్ నెలాఖరున నన్ను నరసాపురం నుంచి మలికిపురానికి బదిలీ చేస్తూ ఉత్తర్వు వచ్చింది. నేను కేంద్ర ప్రభుత్వ శాఖ ఒకదానిలో వేతన శ్రేణుల్లో లెవెల్ 6లో పనిచేస్తున్న ఉద్యోగిని. ఒకే చోట ఆరేళ్లు పూర్తయ్యాయి కనుక ఆ ఉత్తర్వు నాకు ఆశ్చర్యం కలిగించలేదు. ఆ తర్వాత అయిదు నెలల పాటు ఒక్క బిల్లు కోసం నేను తిరిగిన తిరుగుడు, చదివిన నిబంధనలు, రాసిన విన్నపాలు మాత్రం నేను ముందుగా ఊహించినవి కావు. నాలాగే గోదావరి పాయలకు అటూ ఇటూ బదిలీ అయ్యే ఉద్యోగులు మన డెల్టాలో చాలామంది ఉన్నారు కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఈ ప్రాంతం తెలియనివారి కోసం ముందు ఊళ్ల సంగతి చెప్పాలి. నరసాపురం వశిష్ఠ గోదావరికి కుడిగట్టున ఉంది. ఎదుటి గట్టున సఖినేటిపల్లి, అక్కడి నుంచి కోనసీమ మొదలు. రేవులో పంటు (మనుషులనూ బళ్లనూ దాటించే పెద్ద పడవ) ఎక్కి ఏరు దాటితే మలికిపురం పదీ పన్నెండు కిలోమీటర్లలో వస్తుంది. పంటు వద్దనుకుంటే పాలకొల్లు మీదుగా చించినాడ వంతెన దాటి, దిండి వైపు నుంచి చుట్టూ తిరిగి రావాలి. అప్పుడు దూరం ముప్పై కిలోమీటర్ల దాకా పోతుంది. రోజువారీ పనులకు అందరూ పంటే ఎక్కుతారు. మోటారు సైకిళ్లు, ఆటోలు, కార్లు కూడా దాని మీదే దాటుతాయి. వరద వస్తే పంటు ఆగిపోతుంది, రాత్రి పొద్దుపోతే రేవు మూసేస్తారు. నా బిల్లు గొడవంతా ఈ రెండు దారుల మధ్యే పుట్టింది.

నాకు ఇది రెండో బదిలీ. మొదటిసారి 2016 మే నెలలో కాకినాడ నుంచి నరసాపురం వచ్చినప్పుడు ఆరో వేతన సంఘం నాటి నిబంధనలు అమలులో ఉండేవి. సామాన్లు కట్టుకోవడానికి, కొత్త ఊళ్లో కుదురుకోవడానికి ఇచ్చే బదిలీ గ్రాంటు అప్పట్లో ఒక నెల మూల వేతనం. బిల్లు పెట్టడానికి ఏడాది గడువుండేది. నేను పదో నెలలో తీరిగ్గా పెట్టినా ఎవరూ ఏమీ అనలేదు, డబ్బు వచ్చింది. ఆ అనుభవమే నాకు ధీమా ఇచ్చింది. ఆ ధీమాతోనే ఈసారి కూడా ఉండి ఉంటే నా బిల్లు గడువు దాటి, పూర్తిగా రద్దయిపోయేది.

ఈ ఆరేళ్లలో నిబంధనలు మారాయి. ఏడో వేతన సంఘం సిఫార్సులను అనుసరించి ఆర్థిక మంత్రిత్వ శాఖలోని వ్యయ విభాగం 2017 జూలై 13న ఉత్తర్వు ఇచ్చింది; అది ఆ నెల 1వ తేదీ నుంచే వర్తించింది. దాని ప్రకారం బదిలీ గ్రాంటు చివరి నెల మూల వేతనంలో 80 శాతం. అండమాన్ నికోబార్, లక్షద్వీప్ దీవులకు వెళ్లేవారికీ అక్కడి నుంచి వచ్చేవారికీ నూటికి నూరు శాతం. రెండు స్టేషన్ల, అంటే పనిచేసే ఊళ్ల, మధ్య దూరం 20 కిలోమీటర్ల కంటే తక్కువైతేనో, బదిలీ ఒకే నగరంలో జరిగితేనో, నిజంగా ఇల్లు మారినట్టు చూపిస్తే గ్రాంటులో మూడో వంతు మాత్రమే ఇస్తారు. సామాను రోడ్డు మీద తీసుకువెళితే అప్పట్లో మా లెవెల్ వారికి కిలోమీటరుకు 50 రూపాయలు, లెవెల్ 5 వారికి 25, అంతకంటే కింది వారికి 15 రూపాయలు పరిమితి. ఇంకో మార్పు 2018 మార్చిలో వచ్చింది: బిల్లు పెట్టే గడువును ఏడాది నుంచి 60 రోజులకు కుదించారు. పదవీ విరమణ చేసి సొంత ఊరు వెళ్లేవారికి 2021లో దాన్ని 180 రోజులకు పెంచారు గాని, ఉద్యోగంలో ఉన్నవారికి 60 రోజులే మిగిలింది.

ఇవన్నీ నేను ముందే తెలుసుకున్నవి కావు. మా కార్యాలయంలో అప్పటికి ఏడాదిలో రిటైరు కాబోతున్న సూపరింటెండెంటు గారొకరు ఉండేవారు. నేను రిలీవ్ అయ్యే ముందు రోజు ఆయన దగ్గరికి వెళ్లి, "ఏడాది టైముంది కదండీ, అక్కడ సర్దుకున్నాక బిల్లు పెడతాను" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి నా వైపు చూసి, "ఉత్తర్వు కాగితం మీరు చదివారాండీ, ఎవరో చెప్పింది విన్నారా?" అని అడిగారు. బీరువాలోంచి తమ పాత ఫైలు తీసి, 2018 నాటి ఉత్తర్వు నకలు నా చేతిలో పెట్టారు. ఆ ఒక్క కాగితం విలువ నాకు తర్వాతి నెలల్లో తెలిసింది.

జూలై 11న మధ్యాహ్నం నన్ను రిలీవ్ చేశారు. ఇల్లు మారవలసి వచ్చినప్పుడు వెయ్యి కిలోమీటర్ల లోపు బదిలీకి పది రోజుల జాయినింగ్ టైము ఉంటుంది. ఇల్లు మారకపోతే ఒక్క రోజే. వాడుకోని రోజులు ఆర్జిత సెలవు ఖాతాలో జమ అవుతాయి. నేను నాలుగు రోజులు చాలనుకున్నాను, కాని గోదావరి అలా అనుకోలేదు. ఎగువన కురిసిన వానలకు ధవళేశ్వరం దగ్గర ప్రమాద హెచ్చరికలు మొదలైన వారం అది. బ్యారేజి దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారని ఇక్కడి చిన్న పిల్లలకు కూడా తెలుసు. ఆ ఏడాది జూలైలో ప్రవాహం 25 లక్షలు దాటింది. 2006 తర్వాత అంత నీటిని మేం చూడలేదు.

రేవు దగ్గరికి వెళ్లి చూశాను. పంటును గట్టుకు లాగి, మోకులతో రెండు చోట్ల కట్టేశారు. మెట్లలో పైన మూడే కనిపిస్తున్నాయి, మిగిలినవన్నీ నీళ్లలో ఉన్నాయి. ఎర్రటి నీటి మీద గుర్రపుడెక్క గుబుర్లు గుబుర్లుగా కొట్టుకుపోతోంది. మా సామాను ఎక్కించడానికి మాట్లాడుకున్న లారీ యజమాని కూడా నా పక్కనే నిలబడి, "చించినాడ మీంచే పోవాలండి, రేపు పొద్దున్నే బయల్దేరకపోతే ఆ దారి కూడా ఎలా ఉంటుందో చెప్పలేనండి" అన్నాడు. 13వ తేదీ తెల్లవారుజామున బయలుదేరాం. రెండు బీరువాలు, మంచాలు, ఫ్రిజ్, మా అమ్మ ఇచ్చిన ఆవకాయ జాడీలు, పుస్తకాల పెట్టెలు, అన్నీ టార్పాలిన్ కింద కట్టి, వానలోనే పాలకొల్లు మీదుగా వంతెన దాటాం. నా భార్యనూ కూతురినీ పాలకొల్లులో ఆమె పుట్టింట్లో దించాను. వరద తగ్గాక వస్తారులే అనుకున్నాం గాని, పాప స్కూలు బదిలీ సర్టిఫికెట్టు, అద్దె ఇంటి మరమ్మతుల వల్ల వారు వచ్చేసరికి సెప్టెంబరు మధ్య అయింది.

లారీకి ఏడున్నర వేలు ఇచ్చాను. మామూలుగా మా ఊళ్లో ఇలాంటి కిరాయికి ఎవరూ రసీదు రాసివ్వరు, అడిగితే వింతగా చూస్తారు. బిల్లుతో పాటు రసీదు తప్పనిసరి అని సూపరింటెండెంటు గారు చెప్పి ఉండడం వల్ల, లారీ యజమానిని కూర్చోబెట్టి బండి నంబరు, బయలుదేరిన ఊరు, చేరిన ఊరు, వెళ్లిన దారి, తేదీ, తీసుకున్న మొత్తం రాయించి సంతకం చేయించాను. 'చించినాడ వంతెన మీదుగా' అన్న రెండు మూడు మాటలు ఆ రసీదులో ఉండడం తర్వాత ఎంత అక్కరకు వచ్చిందో మాటల్లో చెప్పలేను.

జీఏఆర్ 14-బి ఫారంలో బదిలీ బిల్లు నింపి ఆగస్టు మొదటి వారంలో పెట్టాను. నా మూల వేతనం అప్పుడు 44,900 రూపాయలు. 80 శాతం లెక్కన గ్రాంటు 35,920. బదిలీ ఉత్తర్వు నకలు, రిలీవింగు, జాయినింగు రిపోర్టులు, చివరి జీతపు ధ్రువపత్రం, కొత్త ఇంటి అద్దె ఒప్పందం, గ్యాసు కనెక్షను మార్పిడి కాగితం, లారీ రసీదు జతచేశాను. బిల్లు ఇచ్చినప్పుడు మా కార్యాలయంలోని ఇన్వర్డు గుమాస్తా గారిని అడిగి నా నకలు మీద ముద్ర, తేదీ వేయించుకున్నాను. ఆయన కొంచెం చిన్నబుచ్చుకున్నారు. మా మీద నమ్మకం లేదా అన్నట్టు చూశారు. నేను క్షమాపణ చెప్పి, ముద్ర మాత్రం వేయించుకునే కదిలాను.

సెప్టెంబరు చివర్లో బిల్లు వెనక్కి వచ్చింది. పైన జతచేసిన అభ్యంతరపత్రంలో రెండు వాక్యాలున్నాయి. నరసాపురం, మలికిపురం మధ్య అతి దగ్గరి దారి 20 కిలోమీటర్ల లోపే కాబట్టి గ్రాంటులో మూడో వంతు, అంటే 11,973 రూపాయలు మాత్రమే ఇవ్వదగినదన్నది మొదటిది. సవరించిన బిల్లు తిరిగి పెట్టేసరికి 60 రోజుల గడువు దాటుతుంది కాబట్టి ఆలస్యానికి సంజాయిషీ ఇవ్వాలన్నది రెండోది. తేడా 23,947 రూపాయలు. ఇద్దరు పిల్లలున్న ఒక ఉద్యోగి కొత్త ఊళ్లో ఇంటి అడ్వాన్సు కట్టి, స్కూలు ఫీజులు కట్టి, ఆ నెలాఖరుకు చేతిలో ఏమీ మిగలని స్థితిలో ఉన్నప్పుడు అది చిన్న మొత్తం కాదు. నా కొడుకు అప్పటికి భీమవరంలో హాస్టల్లో ఉండి చదువుతున్నాడు; అతని ఫీజు రెండో వాయిదా నేను ఆ డబ్బు మీదే లెక్కవేసుకున్నాను.

అభ్యంతరం రాసినవారిని నేను తప్పుపట్టదలచుకోలేదు. వారు ఎక్కడో దూరాన కూర్చుని పటం చూసి లెక్కవేశారు, పటంలో పంటు దారి ఉంది. పైగా వారి వాదనలో బలం కూడా ఉంది. వరద వచ్చిన నెలలో రెండు ఊళ్ల మధ్య దూరం పెరిగి, వరద తీశాక తగ్గిపోతుందా? స్టేషన్ల మధ్య దూరం అన్నది ఒక్కటే ఉండాలి కదా? ఈ ప్రశ్నకు నాలో నేను జవాబు చెప్పుకోకుండా విన్నపం రాయడం సరికాదనిపించింది. ఒక వారం అదే ఆలోచించాను.

జవాబు కేంద్ర ఉద్యోగులకు వర్తించే సప్లిమెంటరీ రూల్స్ (ఎస్.ఆర్.)లోనే ఉంది. ప్రయాణ భత్యాలకు సంబంధించి ఎస్.ఆర్. 30 అనే నిబంధన ఉంది. రెండు ఊళ్ల మధ్య ఆచరణలో వెళ్లగలిగిన దారుల్లో అతి దగ్గరిదాని మీదే ప్రయాణం జరిగినట్టు లెక్కించాలని అందులో మొదటి భాగం చెబుతుంది. అభ్యంతరం రాసినవారు అక్కడే ఆగిపోయారు. రెండో భాగం 'అతి దగ్గరి దారి' అంటే ఏమిటో వివరిస్తుంది: ప్రయాణికుడు మామూలు రవాణా సాధనాల మీద ఏ దారిన అన్నిటికంటే త్వరగా గమ్యం చేరగలడో అదే అతి దగ్గరి దారి. సందేహం వస్తే ఏది అతి దగ్గరి దారో నిర్ణయించే అధికారం తగిన అధికారికి ఉందని కూడా అక్కడే ఉంది. అంటే, కిలోమీటర్లను మాత్రమే కొలవమని నిబంధన ఎప్పుడూ చెప్పలేదు. మనిషి, అతని సామాను, వాస్తవంగా ఎలా చేరగలరో చూడమని చెప్పింది. ఆ వాక్యం రాసినవారెవరో నాకు తెలియదు గాని, ఏరులూ రేవులూ ఉన్న దేశాన్ని మనసులో పెట్టుకునే రాసి ఉంటారని చదివినప్పుడల్లా అనిపిస్తుంది.

విన్నపంలో నేను వరదను మొదటి కారణంగా చూపలేదు. పంటు ఏడాది పొడవునా నడిచే దారి కాదనీ, ప్రతి వర్షాకాలంలో రోజుల తరబడి ఆగుతుందనీ, రాత్రి వేళ ఉండదనీ, పంటు కోసం రేవులో వేచి ఉండే సమయం కలిపితే అది త్వరగా చేర్చే దారి కాజాలదనీ ముందు రాశాను. ఆ తర్వాత, నేను ఇల్లు మారిన తేదీన పంటు పూర్తిగా నిలిచిపోయి ఉందని రాశాను. ఆ రెండో మాటకు రుజువుగా స్థానిక రెవెన్యూ అధికారి నుంచి ఒక ధ్రువపత్రం తీసుకున్నాను. ఆ రోజుల్లో పంటు ఆపేశారన్న వార్త వచ్చిన దినపత్రిక కాగితం కూడా జతచేశాను. వంతెన మీది దూరానికి రోడ్లు భవనాల శాఖ నుంచి దూర ధ్రువీకరణ తెచ్చుకున్నాను. ఈ మూడు కాగితాల కోసం మొత్తం తొమ్మిది సార్లు తిరిగాను. అందులో నాలుగు సార్లు పంటు మీదే తిరిగానన్నది నిజం. వరద లేని పగటి పూట, చేతిలో ఒక్క ఫైలుతో వెళ్లే మనిషికి అదే సుఖమైన దారి. బీరువాలతో, జడివానలో, ఇల్లంతా మోసుకుని వెళ్లేవాడి దారి అది కాదు. ఈ రెండింటినీ విడదీసి చెప్పడమే నా విన్నపం సారాంశం.

గడువు విషయంలో జవాబు తేలికైంది. ఇన్వర్డు ముద్ర ఉన్న నకలు పెట్టి, మొదటి బిల్లు పెట్టిన తేదీనే లెక్కలోకి తీసుకోవాలని కోరాను. అభ్యంతరంతో వెనక్కి వచ్చిన బిల్లును కొత్త బిల్లుగా చూడడం న్యాయం కాదు. నా భార్య, కూతురు సెప్టెంబరులో వచ్చిన ప్రయాణానికి వేరే బిల్లు పెట్టాను. కుటుంబం విడిగా ప్రయాణిస్తే ఆ ప్రయాణం ముగిసిన తేదీ నుంచే దాని గడువు లెక్కించాలి. సామాను విషయంలో అది కొత్త ఊళ్లో మన చేతికి అందిన తేదీ నుంచి. బదిలీ అయిన ఆరు నెలల దాకా కుటుంబం రావచ్చునని ఒక చోట ఉండి, 60 రోజుల్లో బిల్లు పెట్టాలని ఇంకో చోట ఉండడం చూసి చాలామంది కంగారుపడి, కుటుంబం రాకముందే వచ్చినట్టు రాసేస్తున్నారు. అలా రాయనక్కరలేదు, రాయకూడదు కూడా. ఆ రెండో బిల్లు మొత్తం బస్సు చార్జీలు మాత్రమే, రెండు వందలు కూడా లేదు. అయినా సరైన తేదీతో పెట్టాలనే పెట్టాను.

నవంబరు మూడో వారంలో ఉత్తర్వు వచ్చింది. తగిన అధికారి వంతెన మీది దారినే నా బదిలీకి అతి దగ్గరి దారిగా నిర్ణయించి, పూర్తి గ్రాంటు 35,920 రూపాయలు మంజూరు చేశారు. డిసెంబరు మొదట్లో డబ్బు ఖాతాలో పడింది. ఆ సాయంత్రం నేను పాత సూపరింటెండెంటు గారికి ఫోను చేశాను. ఆయన ఆనందపడి, వెంటనే, "సామాను బిల్లు ఎంత ఇచ్చారండీ?" అని అడిగారు.

అది అడగవలసిన ప్రశ్నే. లారీకి నేను ఇచ్చింది ఏడున్నర వేలు. కిలోమీటరుకు 50 రూపాయల పరిమితిలో, దూరం ముప్పై కిలోమీటర్లని లెక్కవేస్తే పదిహేను వందలు. మిగిలిన ఆరు వేలు నా జేబులోంచే పోయాయి. ఇక్కడ నిబంధన తప్పుగా అమలు కాలేదు, సరిగ్గానే అమలైంది. లోపం నిబంధనలోనే ఉంది. కిలోమీటరు రేటు దూరప్రయాణాలకు సరిపోతుంది. విశాఖపట్నం నుంచి ఢిల్లీకి వెళ్లేవాడికి దారి ఖర్చే ప్రధానం. ముప్పై కిలోమీటర్లు వెళ్లేవాడికి లారీని రోజంతా పెట్టుకోవడం, ఎక్కించే దించే నలుగురు కూలీలకు ఇవ్వడం ప్రధాన ఖర్చు; అది దూరాన్ని బట్టి మారదు. కరవు భత్యం 50 శాతానికి చేరినప్పుడు ఈ రేటు 25 శాతం పెరగాలి. 2024 జనవరి నుంచి అది 50 శాతానికి చేరింది. ఆ పెరిగిన రేటుతో లెక్కవేసినా ముప్పై కిలోమీటర్లకు రెండు వేలు కూడా రావు. దగ్గరి బదిలీలకు దూరంతో సంబంధం లేకుండా ఒక కనీస మొత్తం నిర్ణయించాలని కోరుతూ మా ఉద్యోగుల సంఘం ద్వారా నేనొక వినతి పంపాను. దానిలో నా పేరుతో పాటు పాలకొల్లు, రాజోలు, అమలాపురం వైపు పనిచేసే మరో పదకొండు మంది సంతకాలున్నాయి. జవాబు ఇంకా రాలేదు. ప్రతి సమావేశంలోనూ నేను దాన్ని గుర్తుచేస్తూనే ఉన్నాను.

మొన్న కోటిపల్లి రేవు దాటి ముక్తేశ్వరం వైపు బదిలీ అయిన సహోద్యోగిని ఒకావిడ నాకు ఫోను చేశారు. "మాకూ పంటు దారే లెక్కేస్తారేమోనండీ, మీరు ఏం రాశారో పంపుతారా?" అన్నారు. ఎస్.ఆర్. 30 పేజీ, నా విన్నపం, మంజూరు ఉత్తర్వు, మూడూ ఫోటో తీసి పంపాను. లారీ వాడికి డబ్బు ఇచ్చే ముందే రసీదు రాయించుకోమనీ, దానిలో వెళ్లిన దారి పేరు తప్పక ఉండాలనీ చెప్పాను. ఆవిడ సామాను వచ్చే సోమవారం బయలుదేరుతుంది.